జెట్టు దానంతటది పెద్దదవదు

(పాత మోటార్‌సైకిళ్ల మీద ఇష్టం ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో ఒక ఆదివారం ఉదయం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకు వినిపిస్తోందా? సరే. నాకు పోటీ మాత్రం బయటి నుంచి ఉంది. గేటు దగ్గర ఎవరో బుల్లెట్ స్టార్ట్ చేసి అలాగే వదిలేసి లోపలికి వచ్చారు. ఒక్క అర నిమిషం నేను నోరు మూసుకుంటాను, మీరంతా దాన్ని వినండి.

(కాసేపు నిశ్శబ్దం)

విన్నారా? నాలుగైదు దెబ్బలు సరిగ్గా పడుతున్నాయి, తర్వాత ఒకటి మింగేస్తోంది, ఆ వెంటనే గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు బరువుగా దగ్గుతోంది. బండి ఎవరిదో గానీ బాబూ, వెళ్లి ఆపేసి రండి, పెట్రోలు దండగ. ఆఖర్లో అందరం దాని దగ్గరికే వెళ్దాం. ఈ రోజు నేను మాట్లాడేది అలాంటి 'రిచ్' బండి గురించే.

రిచ్ అంటే ఏంటో అందరికీ తెలుసు. ఇంజన్‌కి కావలసినదానికన్నా పెట్రోలు ఎక్కువ వెళ్తోంది, లేదా గాలి తక్కువ వెళ్తోంది. ఈ రెండో ముక్కనే మనం మర్చిపోతాం. పాతకాలం పెట్రోలు ఒక గ్రాము పూర్తిగా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్క ఎటు తప్పినా తప్పినట్టే. మనం మాత్రం ఎప్పుడూ పెట్రోలు వైపే చూస్తాం.

లక్షణాల దగ్గర ఎక్కువసేపు ఆగను. సైలెన్సర్ మూతికి మసి, కళ్లు మండే పొగ, లీటరుకి 35 కిలోమీటర్లు ఇచ్చే బండి 22 ఇవ్వడం, ఇవన్నీ మీకు తెలిసినవే. ఒక్కటి మాత్రం చెప్తాను, ఎందుకంటే దాన్ని చూసి ఓనర్లు మురిసిపోతారు. "అన్నా, నా బండి డిసెంబర్ చలిలో కూడా చోక్ లేకుండా ఒకే కిక్కుకి స్టార్ట్ అవుతుంది" అంటారు. అలా స్టార్ట్ అయితే సంతోషించకండి. చల్లటి ఇంజన్‌కి చోక్ కావాలి. అది లేకుండానే అందుకుందంటే, చోక్ ఇవ్వాల్సిన అదనపు పెట్రోలు ఇంకెక్కడి నుంచో వస్తోందన్నమాట. అదే బండి మధ్యాహ్నం పెట్రోలు బంకులో ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే పది కిక్కులైనా అందుకోదు. వెనక లైన్లో ఆటోవాళ్ల హారన్లు. మీ పరువు అక్కడే పోతుంది.

సరే, బండి రిచ్ అని తేలింది. మనం ఏం చేస్తాం? నేరుగా పుత్లీబౌలికో రాణీగంజ్‌కో వెళ్లి ఒక నంబర్ తక్కువ జెట్టు కొనుక్కొస్తాం. నేనూ అదే చేశాను, అందుకే ఇవాళ ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నాను. జెట్టు అంటే ఏంటండీ? పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్‌లో పెట్రోలుని కొలిచి వదిలే ఇత్తడి ముక్క, దానికి ఒక సన్నటి రంధ్రం, ఆ రంధ్రం సైజు చెప్పే నంబర్. నిన్నటిదాకా బాగా నడిచిన బండిలో రాత్రికి రాత్రి ఆ రంధ్రం పెద్దదైపోదు కదా. జెట్టు దానంతటది పెద్దదవదు. బండి కొత్తగా రిచ్ అయిందంటే మారింది ఇంకేదో. ఆ మారినదాన్ని వదిలేసి మారనిదాన్ని మారుస్తున్నాం మనం.

దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి. ఒకటి మనుషులు చేసేది. కార్బొరేటర్ క్లీనింగ్ అని ఇస్తాం, కుర్రాడు బ్రేక్ కేబుల్‌లోంచి ఒక తీగ పోగు పీకి జెట్టులో పెట్టి నాలుగుసార్లు ఆడిస్తాడు. స్టీలు తీగ ముందు ఇత్తడి ఎంతండీ? అంకె అదే ఉంటుంది, రంధ్రం పెద్దదవుతుంది, గుండ్రం కూడా పోతుంది. జెట్టుని పెట్రోల్లో నానబెట్టి గాలి కొట్టండి, చాలు. రెండోది నీడిల్ జెట్టు. దాని మధ్యలో, ఎక్సలేటర్‌తో పాటు పైకీ కిందికీ కదిలే నీడిల్ అనే సూది ఏళ్ల తరబడి ఊగుతూ ఒరుసుకుంటూ ఉంటుంది కాబట్టి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. అది నిజంగా అరిగే జెట్టు. విచిత్రం ఏంటంటే అందరూ మెయిన్ జెట్టు మారుస్తారు, దీన్ని ఎవరూ ముట్టుకోరు.

ఇప్పుడు నా కథ. మా మేనమామది జావా. మైసూరు ఫ్యాక్టరీది. 1960లో మొదలై 1996లో మూతపడిన ఆ ఫ్యాక్టరీ బండ్లు మీలో చాలామంది దగ్గర ఉన్నాయి, నాకు తెలుసు. ఆయన పోయాక నల్గొండ నుంచి డీసీఎంలో వేసుకుని తెచ్చుకున్నాను. కిక్ రాడ్డే గేర్ రాడ్డు అయ్యే ఆ బండి మీద నేను ఐదో క్లాసులో ఉండగా ముందు ట్యాంకు మీద కూర్చుని తిరిగాను, కాబట్టి ఇది మెకానిక్ విషయం ఒక్కటే కాదు నాకు.

బండి రిచ్. నలభై కిలోమీటర్లకి ఒక ప్లగ్గు తినేది. నేను మెయిన్ జెట్టు ఒక నంబర్ తగ్గించాను. కొంచెం తేడా వచ్చినట్టు అనిపించింది. మనం డబ్బులు పెట్టినప్పుడు తేడా అనిపించి తీరుతుంది. ఇంకో నంబర్ తగ్గించాను. నీడిల్ కిందికి దిగి పెట్రోలు తగ్గేలా దాని క్లిప్‌ని పై గాడిలో పెట్టాను. మూడోసారి కూడా జెట్టు తగ్గించి, ఇక పండగే అనుకుని తెల్లవారుజామున శామీర్‌పేట వైపు తీసుకెళ్లాను. రోడ్డు ఖాళీగా ఉంది, ఎక్సలేటర్ మొత్తం తిప్పేశాను. రెండు మూడు నిమిషాలు బ్రహ్మాండంగా లాగింది. తర్వాత సైలెన్సర్ చప్పుడు ఒక్కసారి సన్నగా మారింది. వెనక టైరు కీచుమంది. క్లచ్ పట్టాను కాబట్టి బతికాను. పిస్టన్ సీజ్, అంటే సిలిండర్‌లో బిగుసుకుపోయింది.

ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చాను. సిలిండర్ బోరింగ్‌కి ఇచ్చి, చేతిలో పని లేక కార్బొరేటర్ విప్పి వంటగదిలో పెట్టుకు కూర్చున్నాను. జావాది జికోవ్ కార్బొరేటర్, అందులో ఫ్లోట్, అంటే ఛాంబర్‌లో పెట్రోలు మీద తేలుతూ, నిండగానే పెట్రోలు వచ్చే వాల్వుని మూసే బుర్ర, ఇత్తడిది, లోపల బోలుగా ఉంటుంది. ఇదిగో, ఇదే. ముందు వరస వాళ్లు ఒకసారి చేతిలోకి తీసుకుని అటు అందించండి. దీనికి చిల్లు పడితే లోపలికి పెట్రోలు వెళ్లి బరువెక్కుతుంది. బరువెక్కితే తేలదు. తేలకపోతే నీడిల్ వాల్వుని ఆలస్యంగా మూస్తుంది, ఛాంబర్‌లో పెట్రోలు మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగితే ఏ జెట్టు నుంచైనా పెట్రోలు తేలిగ్గా పైకి వస్తుంది. మొదట చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. చప్పుడు లేదు. తర్వాత టీ గిన్నెలో నీళ్లు కాచి, స్టవ్ ఆపేసి, గిన్నె దూరంగా తెచ్చి ఫ్లోట్‌ని అందులో ముంచాను. చిల్లు ఉంటే లోపలి గాలి వేడెక్కి, అతుకు వెంబడి ఆవగింజల్లా బుడగలు వరసగా వస్తాయి. స్టవ్ ఆపకుండా మాత్రం ఈ పని చేయకండి, లోపల పెట్రోలు ఉంటే ఆవిరవుతుంది. నా దానికి ఒక్క బుడగ కూడా రాలేదు. మా ఆవిడ వచ్చి ఆ గిన్నెలో ఇక టీ పెట్టనని చెప్పి వెళ్లిపోయింది. ఈ రోజుకీ పెట్టదు.

చిల్లు లేదు. మరి మట్టం ఎందుకు పెరుగుతోంది? జుమ్మెరాత్ బజార్‌లో ఎప్పుడో కొన్న పాత జికోవ్ ఒకటి నా డబ్బాలో ఉంది. దాని ఫ్లోట్ తీసి పక్కన పెట్టి చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి. కానీ నా ఫ్లోట్ అడుగున ఒక బూడిద రంగు మచ్చ. వేలితో తడిమితే మచ్చ కాదు, గుబ్బ. ఎవరో, ఎప్పుడో, చిల్లు పడితే టంకం వేశారు. పని గట్టిదే, ఇంత కాలం ఒక్క చుక్క కారలేదు. కానీ రాగి బిందెకి వేసినంత టంకం వేశారు. వంటింటి డిజిటల్ త్రాసు మీద రెండింటినీ తూచాను. నాది మూడు గ్రాములు ఎక్కువ. నవ్వొస్తుంది మూడు గ్రాములంటే. ఫ్లోట్ మొత్తం బరువే కొద్ది గ్రాములైనప్పుడు అది చిన్న తేడా కాదు. చిల్లు పడ్డ ఫ్లోట్ ఏం చేస్తుందో, బాగుచేసిన ఫ్లోట్ కూడా అదే చేసింది.

ఇప్పుడు లెక్క అర్థమైంది కదా. ఫ్లోట్ వల్ల కింద రిచ్. నేను జెట్టు తగ్గించిన చోటేమో పైన, ఫుల్ ఎక్సలేటర్ దగ్గర. అక్కడ లీన్ అయింది, అంటే పెట్రోలు మరీ తగ్గి ఇంజన్ మితిమీరి వేడెక్కింది. రిచ్ బండిని లీన్ చేసి సీజ్ చేసుకున్నాను. మేనమామ ముప్పై ఏళ్లు నడిపినా కాని సీజ్ నేను మూడు నెలల్లో చేసి చూపించాను.

అందుకే మొదట తెలుసుకోవాల్సింది ఎంత రిచ్ అని కాదు, ఎక్కడ రిచ్ అని. హ్యాండిల్ గ్రిప్ మీద ఒక చిన్న టేపు ముక్క అతికించండి, దాని పక్కన స్విచ్ బాడీ మీద నాలుగు గీతలు పెన్నుతో గీయండి. సున్నా, పావు, సగం, ముప్పావు. సున్నా నుంచి పావులో సగం దాకా స్లో జెట్టు, దానికి వెళ్లే గాలిని సర్దే ఎయిర్ స్క్రూ. అక్కడి నుంచి పావు దాకా, ఎక్సలేటర్ తిప్పితే పైకి లేచే స్లైడు కింద కోసిన వంపు. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, నీడిల్ జెట్టు. మెయిన్ జెట్టు పని మొదలయ్యేది ముప్పావు దాటాకే. గోడ కట్టినట్టు ఎక్కడికక్కడ తెగవు, ఒకదానిలోకి ఒకటి కలుస్తాయి. అయినా దారి చూపిస్తాయి.

ఇప్పుడు చెప్పండి, లక్డీకాపూల్ నుంచి అమీర్‌పేట దాకా పొద్దున తొమ్మిదిన్నరకి మీ చెయ్యి ముప్పావు దాకా ఎప్పుడు తిరిగింది? (నవ్వులు) మెట్రో పిల్లర్ల కింద మన బండ్ల బతుకంతా మొదటి పావులోనే. ఆ పావులో నల్ల పొగ వస్తుంటే, అసలు ఆ సమయంలో పని చేయని మెయిన్ జెట్టుని శిక్షిస్తున్నాం. ట్రాఫిక్‌లో రిచ్ అయ్యే బండికి మొదట చూడాల్సినవి మూడు. చోక్ పూర్తిగా మూసుకుంటోందా. పెట్రోలు మట్టం సరిగ్గా ఉందా. స్లో జెట్టుకి గాలి వచ్చే సన్నటి దారి మూసుకుపోలేదు కదా.

బుల్లెట్లలో వచ్చే మిక్‌కార్బ్ అనే కార్బొరేటర్‌లో చోక్ అంటే గాలిని మూసే తలుపు కాదు, పెట్రోలుకి ఇంకో దారి తెరిచే చిన్న ప్లంజర్. దాని అడుగున రబ్బరు ముక్క ఉంటుంది. అది గట్టిపడి గీత పడితే, మీరు లివర్ ఎంత దించినా చోక్ సగం వేసే ఉన్నట్టు లెక్క. పది నిమిషాల పని, ఎవరూ చూడరు. ఇంకో మాట. మిక్‌కార్బ్‌లో ఎయిర్ స్క్రూ బయటికి తిప్పితే లీన్, లోపలికి తిప్పితే రిచ్. స్క్రూ ఇంజన్ వైపు ఉండే కార్బొరేటర్లలో మామూలుగా దీనికి తిరగబడి ఉంటుంది. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉందా ఇంజన్ వైపు ఉందా చూసి తిప్పండి.

ఇక పైసా ఖర్చు లేని పరీక్ష. ఇంజన్ బాగా వేడెక్కాక, బండిని స్టాండ్ మీద ఐడ్లింగ్‌లో, అంటే ఎక్సలేటర్ ముట్టకుండా ఉంచి పెట్రోలు ట్యాపు కట్టేయండి. ఛాంబర్‌లో మట్టం నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది, అంటే మిశ్రమం మెల్లగా లీన్ అవుతూ వస్తుంది. మీ పని వినడమే. ఆగిపోయే ముందు బండి శుభ్రంగా, చురుగ్గా కొట్టుకుని, ఐడ్లింగ్ పెరిగి, అప్పుడు ఆగితే అది రిచ్. ఏమీ బాగుపడకుండా నీరసించి ఆగితే రిచ్ కాదు, వేరే జబ్బు. నా మూడు నెలలు, ఒక బోరింగ్ ఖర్చు, ఈ ఒక్క ట్యాపు మిగిల్చేది.

ప్లగ్గులు అందించండి. మూడు ఉన్నాయి. మొదటిది నల్లగా పొడిగా ఉంది, వేలితో రాస్తే కాటుకలా అంటుతుంది. రిచ్ అంటే అది. రెండోది కూడా నలుపే, కానీ తడిగా మెరుస్తోంది. అది పెట్రోలు కాదు, ఆయిల్. బుల్లెట్ అయితే రింగులో వాల్వు గైడో చూసుకోవాలి. జావా, యెజ్డీ అయితే క్లచ్ వైపు క్రాంక్ సీలు పోయి గేర్ ఆయిల్ లోపలికి లాగేస్తూ ఉండొచ్చు. దానికి కార్బొరేటర్ విప్పితే పాపం. మూడోది బిస్కట్ రంగు, సరైనది. అయితే 2000లో పెట్రోల్లోంచి సీసం తీసేశాక ప్లగ్గు రంగు ఇదివరకటంత స్పష్టంగా మాట్లాడదు. పైగా అమీర్‌పేట సిగ్నళ్లన్నీ దాటి ఇంటికొచ్చి ప్లగ్గు విప్పితే ఎవరి ప్లగ్గైనా నల్లగానే ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద మీకు అనుమానం ఉన్న గీత దగ్గర ఎక్సలేటర్ పట్టి ఒక కిలోమీటరు నడిపి, క్లచ్ పట్టి, అక్కడికక్కడ ఇంజన్ ఆపి విప్పాలి. అవుటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను ఎక్కనివ్వరు కాబట్టి సర్వీస్ రోడ్డే దిక్కు.

టూస్ట్రోక్ వాళ్లకి ఒక మాట. పెట్రోల్లో లీటరుకి 40 మిల్లీలీటర్లు కలపాల్సిన ఆయిల్ భయంతో 60 పోసేవాళ్లు ఉన్నారు. పొగ పెరుగుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, రిచ్ అనుకుంటారు. నిజానికి జెట్టులోంచి వెళ్లే దాంట్లో ఆయిల్ పెరిగితే పెట్రోలు తగ్గినట్టు. చూడటానికి రిచ్, లోపల లీన్ వైపు. దాని మీద జెట్టు కూడా తగ్గిస్తే శామీర్‌పేట రోడ్డు మీద కలుద్దాం.

గాలి సంగతి. ఫిల్టర్ అందరూ చెప్తారు కాబట్టి వదిలేస్తున్నాను. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న బండి గాలి గొట్టంలో కందిరీగ కట్టిన మట్టిగూడు నేను నా చేత్తో తీశాను, అది మాత్రం చెప్పాలి. జావా సైలెన్సర్ లోపల బొగ్గు పేరుకుపోయినా అదే ఫలితం. పొగ బయటికి పోలేకపోతే కొత్త గాలి లోపలికి రాదు.

(సభలోంచి ప్రశ్న: వైజాగ్ నుంచి బుల్లెట్ తెచ్చుకున్నాను సార్. అక్కడ బాగుండేది, ఇక్కడికొచ్చాక రిచ్ అయింది. ఊరి వల్ల అవుతుందా?)

కొంచెం అవుతుందండీ. మనం సముద్రానికి 500 మీటర్ల పైన ఉన్నాం, గాలి ఆ మేరకు పలచన. అలాగే డిసెంబర్ తెల్లవారుజామున 15 డిగ్రీలప్పుడు ఉన్న గాలి, మే నెలలో 40 డిగ్రీలకి సుమారు 8 శాతం పలచబడుతుంది. పెట్రోలు మాత్రం అదే లెక్కలో తగ్గదు. అయితే ఈ తేడా ఎయిర్ స్క్రూ పావు చుట్టు తిప్పితే, మహా అయితే క్లిప్ ఒక గాడి మారిస్తే సర్దుకునేది. నల్ల పొగ వస్తోందంటే ఊరిని అనకండి. లారీలో ఎలా తెచ్చారు, పడుకోబెట్టా?

(ప్రశ్నించినాయన: అవునండీ, ఒక రాత్రంతా.)

అయితే మొదట ఫ్లోట్ చూడండి, తర్వాత ఫిల్టర్ ఆయిల్లో తడిసిందేమో చూడండి. డిప్ స్టిక్ తీసి వాసన కూడా చూడండి. ఇంజన్ ఆయిల్ పెట్రోలు వాసన కొడితే మాత్రం స్టార్ట్ చేయకండి, ఆయిల్ మార్చాకే.

(మరో ప్రశ్న: ఈ20 పెట్రోలు వల్ల రిచ్ అవుతోందని మా మెకానిక్ అంటున్నాడు.)

నేరుగా అయితే తిరగబడి జరగాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి గాలి తక్కువ సరిపోతుంది. 14.7 కాస్తా 20 శాతం ఇథనాల్‌తో సుమారు 13.5 అవుతుంది. జెట్టు అదే, గాలి అదే అయితే బండి లీన్ వైపు జరుగుతుంది. అంటే ఈ20 పోసి కూడా మీ బండి రిచ్‌గా ఉందంటే జబ్బు ఇంకా పెద్దది. కానీ మీ మెకానిక్‌ని పూర్తిగా కొట్టిపారేయను. ఇథనాల్ పాత రబ్బర్లను ఉబ్బిస్తుంది, ట్యాంకులో తుప్పుని కదిలిస్తుంది. ఆ తుప్పు రేణువు ఒకటి ఫ్లోట్ వాల్వు సీటు మీద కూర్చుంటే వాల్వు మూసుకోదు, ఓవర్‌ఫ్లో. అలా దొడ్డిదారిన రిచ్ చేయగలదు.

కరెంటు గురించి చెప్పలేదు కదా, రెండు మాటలు. ప్లగ్గులో మంట పుట్టించే సీబీ పాయింట్ గ్యాపు, దాని కండెన్సర్ చూడకుండా కార్బొరేటర్ ముట్టుకోకండి. బుల్లెట్‌కి గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. మంట బలహీనంగా ఉంటే సరిగ్గా కలిపిన మిశ్రమం కూడా సగం కాలి మసి అవుతుంది. నాకు తెలిసిన ఒకాయన రెండు కార్బొరేటర్లు మార్చాక కండెన్సర్ మార్చాడు. ఆయన ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను. (నవ్వులు)

(ప్రశ్న: మీటరు పెట్టి కొలిచే మార్గం ఏమన్నా ఉందా?)

ఉంది, పెట్రోలు బంకు పక్కన నిలబడే పొల్యూషన్ వ్యాన్. నంబర్ ప్లేటు ఫోటో తీసి చేతిలో కాగితం పెట్టేవాడి దగ్గరికి కాకుండా, నిజంగా గొట్టం సైలెన్సర్‌లో పెట్టేవాడి దగ్గరికి వెళ్లండి. 2000 మార్చి దాకా తయారైన బండ్లకి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాటకూడదు. మీది ఏడో ఎనిమిదో చూపిస్తే కింద రిచ్ అని ఖాయం. అక్కడే నిలబడి ఎయిర్ స్క్రూ పావు చుట్టు తిప్పి మళ్లీ చూడొచ్చు, వంద రూపాయలు ఎక్కువిస్తే అతనికీ సరదాగానే ఉంటుంది. స్క్రూ తిప్పినా అంకె కదలకపోతే పెట్రోలు స్లో జెట్టు నుంచి రావట్లేదు, చోకో ఫ్లోటో చూసుకోండి. అయితే ఆ మీటరు ఐడ్లింగ్ గురించే చెప్తుంది, పై గీతల గురించి ఏమీ చెప్పదు.

నా ఫ్లోట్ ఏమైందని ఎవరూ అడగలేదు. మీ చేతుల్లో తిరుగుతున్నది అదే. టంకం కరిగించి పలచగా మళ్లీ వేద్దామనుకున్నాను, కానీ లోపల చుక్క పెట్రోలు మిగిలి ఉన్నా వేడికి పేలుతుంది కాబట్టి ఆ సాహసం చేయలేదు. జుమ్మెరాత్ బజార్ ఫ్లోటే ఇప్పుడు బండిలో ఉంది. జెట్టు మా మామ నడిపినప్పుడు ఏ నంబర్ ఉందో అదే పెట్టాను.

సరే, పదండి బయటికి. ఆ బుల్లెట్ ఇంకా వేడిగానే ఉంటుంది. ఓనర్ గారూ, తాళం తీసుకోండి, కిక్కు మీరే కొట్టాలి, నా మోకాలు ఒప్పుకోదు. స్టార్ట్ అయ్యాక ట్యాపు నేను కడతాను. ఎవరూ మాట్లాడకండి.